తోడు పెట్టిన ఎండ

సూర్యోదయ అపార్ట్‌మెంట్స్‌లో ఎండ నాలుగో అంతస్తు దగ్గరే ఆగిపోతుంది. అక్కడ భ్రమరాంబగారి గుమ్మం ముందు చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళి, హాల్లో సోఫా మీద కూర్చుంటుంది. దీపాలు పెట్టే వేళకు మళ్ళీ చెప్పులు వేసుకుని డాబా మీంచి వెళ్ళిపోతుంది. కింది అంతస్తులకు వెలుతురైతే వస్తుంది గానీ ఎండ రాదు. సామర్లకోటలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు.

నేల అంతస్తులో ఉండే హైమావతి ఇన్నేళ్ళలో ఈ విషయమై ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు. బట్టలు ఫ్యాను కింద ఆరతాయి, వడియాలు భ్రమరాంబగారింట్లో ఎండుతాయి. ఇంక ఎండతో ఆమెకేం పని? పని ఇప్పుడు పడింది. ఇంట్లో తాబేలు ఉంది, దాని డిప్ప మెత్తబడుతోంది.

తాబేలు వచ్చిన వైనం మామూలే. ఆమె భర్త పేర్రాజు రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు దండ వేసి, శాలువాకు బదులు తాబేలును కప్పారు. శాలువా అయితే మడతపెట్టి బీరువాలో పడేయొచ్చు. తాబేలు అలా కుదరదు, దానికి ఇల్లు కావాలి. పేర్రాజు దాన్ని రెండు భుజాల మీదా మోసుకుంటూ గేటు దాకా వచ్చి, "హైమా, మనింటికి దొరబాబు వచ్చాడు" అని కేకేశాడు. ఆ కేకకు నాలుగో అంతస్తు కిటికీలు తెరుచుకున్నాయి. ఆయన గొంతు అలాంటిది. ఆఫీసులో ఆయన ప్యూన్ని పిలిస్తే పక్క ఆఫీసు ప్యూన్ కూడా పరిగెత్తుకొచ్చేవాడట.

అందరిలాగే ఆయనా తాబేలంటే నీళ్ళే అనుకున్నాడు. ఇత్తడి బేసిన్లో నిండా నీళ్ళు పోసి, అందులో దొరబాబును దించి, వాస్తు ప్రకారం మొహం ఉత్తరానికి తిప్పాడు. దొరబాబు మెడ ఎంత సాగితే అంతా సాచి, ఊపిరి బిగబట్టి, ఉత్తరం వైపు చూస్తూ నిలబడ్డాడు. సాయంత్రానికి ఇంట్లో ఉత్తరం తడిసిపోయింది. దాన్ని తుడిచి ఆరబెట్టేసరికి హైమావతికి నడుం పడిపోయింది.

పశువుల డాక్టరు సోమశేఖరం వచ్చి చూసి, ఇది నేల తాబేలనీ, ఈ కాళ్ళు నడిచే కాళ్ళే గానీ ఈదే కాళ్ళు కావనీ చెప్పి ముందు బేసిన్ తీయించాడు. తర్వాత బొటనవేలితో డిప్ప నొక్కి చూశాడు. వేలు పండు దోసకాయలోకి దిగినట్టు దిగింది. గుంట గుంటగానే ఉండిపోయింది.

"ఎండ కావాలండి," అన్నాడు డాక్టరు. "ఎన్ని ఆకులు పెట్టినా ఎండ తగలకపోతే బలం డిప్పకి పట్టదు. వానలు దిగేలోగా గట్టిపడాలండి. లేదంటే నేను చెప్పలేను."

ఆ రోజు నుంచే పేర్రాజు గొంతు కూడా తగ్గడం మొదలైంది. గేటు దాకా వినబడే గొంతు వంటింటి దాకా వచ్చి ఆగింది. తర్వాత పక్క కుర్చీ దాకా. ఇప్పుడు ఆయన ఏమంటున్నాడో తెలియాలంటే చెవి తీసుకెళ్ళి నోటికి ఆనించాలి. రెండూ ఒకటే జబ్బని హైమావతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా డాక్టరును అడుగుతుంది. మనుషుల గొంతుల సంగతి తనకు తెలియదనీ, కానీ తాబేలు డిప్ప గట్టిపడ్డ ఇంట్లో మిగతావి కూడా గట్టిపడ్డ దాఖలాలున్నాయనీ ఆయన అంటాడు.

హైమా అన్న పిలుపు విని ఎన్నాళ్ళయిందో. మనిషి ఎదురుగా కూర్చుని పెదవులు కదుపుతూ ఉంటాడు, మాట మాత్రం బయటికి రాదు. అంతకన్నా కష్టం ఏముంటుంది? ఆమెకు దుఃఖం ముంచుకొస్తుంది. దాన్ని కొంగున ముడేసుకుని పనిలోకి దిగుతుంది. చేతులు ముడుచుకు కూర్చోవడం ఆమెకు పుట్టుకతోనే చేతకాదు.

వెనక వరండాలో దొరబాబుకు ఇల్లు కడుతుంది. చుట్టూ ఇటుకలు పేరుస్తుంది. జాలీ అయితే అవతలిది కనబడుతుంది, కనబడ్డదానికల్లా వెళ్ళాలని తాబేలు రోజంతా జాలీకి తల కొట్టుకుంటుంది. ఇటుక గోడ అయితే ప్రపంచం అంతవరకేనని ఊరుకుంటుంది. మట్టిని జల్లెడ పట్టి, ఇసుక కలిపి, జానెడు మందాన పరుస్తుంది. జల్లెడలో రాళ్ళతోపాటు ఎవరివో రెండు పాత సాయంత్రాలు మిగిలితే తీసి గట్టు మీద పెడుతుంది. అడిగినవాళ్ళు పట్టుకుపోతారు.

కుండను నిలువునా చీల్చి ఒక చెక్కను బోర్లిస్తే అది పడకగది. అందులో చీకటి సరిగ్గా ఒక తాబేలుకు సరిపోయేంత ఉంది. తాగడానికి లోతులేని మూకుడులో నీళ్ళు. తినడానికి మందారాకులు, మునగాకు, తోటకూర, వాటి మీద గుడ్డుపెంకుల పొడి. పెరుగన్నం మాత్రం వద్దన్నాడు డాక్టరు. పెరుగన్నం తినని ప్రాణి ఎలా బతుకుతుందో హైమావతికి అర్థం కాదు గానీ ఆ మాట పైకి అనదు.

దొరబాబు కొత్త అద్దెకు దిగబోయేవాడిలా నాలుగు మూలలూ తిరిగి చూసుకుంటాడు. మట్టి వాసన చూస్తాడు, కుండచెక్కలోకి వెళ్ళి వస్తాడు. అన్నీ బాగానే ఉన్నాయని తల లోపలికి లాక్కుంటాడు. ఇంక ఎండ ఒక్కటే తక్కువ.

ఎండ రాకపోతే మనమే వెళ్దాం, అదేమన్నా కలెక్టరా, అనుకుంటుంది హైమావతి. దొరబాబును చంకనెత్తుకుని మెట్లెక్కుతుంది. తాబేలును ఎత్తుకుని ఎక్కితే మెట్లు తాబేలువి అయిపోతాయి. ఒక్కో మెట్టూ పొడుగు సాగి ఒక్కో వీధి అవుతుంది. ఆమె నడుస్తూనే ఉంటుంది. దారిలో మజ్జిగ తాగుతుంది, రెండో మెట్టు మీద ఎవరో పరిచయస్థులు కనబడితే కుశలం అడుగుతుంది. మొదటి అంతస్తు మలుపు ఇంకా కనుచూపు మేరలోకి రాకముందే పైన దీపాలు పెట్టేస్తారు, ఎండ వెళ్ళిపోతుంది. వెనక్కి తిరిగితే ఇల్లు పక్కనే ఉంటుంది. ఇంటివైపైతే తాబేలైనా చురుగ్గానే నడుస్తుంది మరి.

పేర్రాజు కుర్చీలోంచి చూసి పెదవులు కదుపుతాడు. ఆమె వంగి చెవి ఆనిస్తుంది. "వదిలెయ్," అంటున్నాడు ఆయన. వదిలేయడానికి మీరొక్కరే ఉంటున్నారా ఇంట్లో, నేనూ ఉన్నాను, అంటుంది ఆమె. ఆయన గొంతు తగ్గిందని ఆమె తన గొంతు తగ్గించుకోలేదు.

మర్నాడు అన్నాలయ్యాక, దీపాల వేళకు చాలా ముందే, వట్టి చేతులతో పైకి వెళ్తుంది. ఇప్పుడు మెట్లు మామూలు మెట్లు. భ్రమరాంబగారు తలుపు తీస్తారు. ఆవిడ పెద్దావిడ, బిల్డింగులో అందరి అప్పడాలూ వడియాలూ ఆవిడ హాల్లోనే ఎండాలి గనక ఆవిడ మాటకు ఎదురులేదు. సోఫా మీద ఎండ కాళ్ళు చాపుకుని ఉంది. ఆ వేడికి భ్రమరాంబగారు మధ్యాహ్నప్పూట కునుకు తీసి చాలా ఏళ్ళయింది. కళ్ళ కింద నల్లగా ఉంటుంది. ఎండ తమ ఇంటికే వస్తుందన్న గొప్ప ముందు నిద్ర ఎంత అని ఆవిడ సరిపెట్టుకుంటారు.

"పిన్నిగారూ, తోడుకి కాస్త ఎండ ఇస్తారా?" అని అడుగుతుంది హైమావతి.

"దీపాలెట్టాక వచ్చుంటే లేదందును," అంటారు భ్రమరాంబగారు. "తోడన్నావు కాబట్టి ఇస్తానమ్మా. కానీ ఒక్కసారే. రోజూ అడిగితే అది తోడవ్వదు, వాటా అవుద్ది."

ఆవిడ చెంచాతో ఎండ అంచు నుంచి కాస్త గీరి వెండి గిన్నెలో వేస్తారు. ఎండ ఏమీ అనుకోదు. చేసే పద్ధతి చెప్పి పంపుతారు: వెలుతురును వేలు ఓర్చుకునేంత వెచ్చబెట్టాలి, చెంచాడు మించి వేయకూడదు, వేస్తే పులుస్తుంది, పొద్దున్న వాడుకునే ముందే మర్నాటికి చెంచాడు తీసి దాచుకోవాలి. హైమావతి వింటుంది గానీ, కాపురానికి వచ్చినప్పటినుంచీ తోడు పెడుతున్న తనకా ఈ పాఠాలు అని లోపల నవ్వుకుంటుంది.

వంటింటి కిటికీలో ఇంకో గిన్నె పెడితే వెలుతురు నెమ్మదిగా నిండుతుంది. నేల అంతస్తు వెలుతురు పల్చన, బూడిద రంగు, పైగా నలకలెక్కువ. గుడ్డలో వడకట్టి, సన్న సెగ మీద వెచ్చబెట్టి, వేలు ముంచి చూసి, చెంచాడు ఎండ వేసి కలిపి మూత పెడుతుంది. కదపకుండా రాత్రంతా ఒక మూల ఉంచుతుంది.

పొద్దున్న మూత తీసేసరికి గిన్నెలో ఎండ గడ్డగా తోడుకుని ఉంది. మీద కాస్త మీగడ కూడా కట్టింది. అప్పడాలు ఆరేసిన డాబా వాసన ఇల్లంతా నిండుతుంది. ముందు రేపటికి చెంచాడు తీసి దాస్తుంది. మిగతాది గరిటెతో కోసి తీసుకెళ్ళి, ఇటుకల మధ్య మట్టి మీద పరుస్తుంది. కుండచెక్కలోంచి దొరబాబు తల బయటికి వస్తుంది. తర్వాత కాళ్ళు. అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, ఎండ మధ్యలో నాలుగు కాళ్ళూ బారజాపి, కళ్ళు మూసుకుంటాడు.

హైమావతికి ఒళ్ళు పులకరిస్తుంది. ఇంట్లో ఎండ పడటం ఆమె మొదటిసారి చూస్తోంది.

అలా రోజులు సాగుతాయి. డిప్ప మీది గుంటలు నెమ్మదిగా పూడుతున్నాయి. పేర్రాజు గొంతు పక్క కుర్చీ దాటి, హాలు దాటి, ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మం దాకా వస్తుంది. "కూరలో ఉప్పు తక్కువైంది," అంటుంది ఆ గొంతు. ఆ మాటకు సంతోషించడం ఆమె కాపురంలో ఇదే మొదలు. సంతోషం పట్టలేక కూరలో మళ్ళీ ఉప్పేసి, మళ్ళీ వడ్డిస్తుంది. ఇంకొన్నాళ్ళు ఇలా సాగితే గొంతు గేటు దాకా వెళ్తుంది, ఆమెకు అనుమానం లేదు.

ఇక భ్రమరాంబగారి వెండి గిన్నె తిరిగి ఇవ్వాలి. ఖాళీ గిన్నె పంపడం ఏ ఇంటా వంటా లేదు. పంచదార వేద్దామంటే ఆవిడకు షుగరు. హైమావతి ఇల్లంతా చూస్తుంది. తమ ఇంట్లో సమృద్ధిగా ఉన్నది నీడ ఒక్కటే. మంచం కిందనుంచి చల్లటి నీడ, ఏళ్ళ తరబడి ఎవరూ కదపనిది, గిన్నె నిండా తీసి, మీద ఒక మల్లెపువ్వు పెట్టి పైకి పంపుతుంది. ఇచ్చేది ఏదైనా కాస్త అందంగా ఇవ్వాలని ఆమె పట్టుదల.

కొన్నాళ్ళకు భ్రమరాంబగారే స్వయంగా కిందికి దిగుతారు. కళ్ళ కింద నలుపు లేదు. మొహం తేటగా ఉంది. వచ్చి బల్ల మీద కూర్చుని, కొంగు వేలికి చుట్టుకుంటూ, విషయం కొద్దికొద్దిగా బయటపెడతారు. నీడ చాలా బాగుంది. బాగుంది కదా అని చెంచాడు తీసి తోడు పెట్టారు. మర్నాటికి గిన్నెడు తోడుకుంది. దాన్ని సోఫా మీద పరుచుకుని పడుకుంటే సాయంత్రం దాకా ఒళ్ళు తెలియలేదు. ఆ రుచి మరిగి రోజూ పెడుతూ వచ్చారు. నిన్న ఎండ వచ్చి, చెప్పులు విడవబోయి, లోపలికి తొంగిచూసి, తనకు కూర్చునే చోటు లేదని వెళ్ళిపోయింది. ఇవాళ రానేలేదు.

"మళ్ళీ వస్తానని కూడా అనలేదే అమ్మాయ్," అంటారు భ్రమరాంబగారు. "నువ్వు నీడ పంపకుండా ఉండాల్సింది."

"ఖాళీ గిన్నె ఎలా పంపమంటారు పిన్నిగారూ?"

నిజమే, ఎవరం పంపుతాం, అని భ్రమరాంబగారు ఒప్పుకుంటారు. తప్పు ఎవరిదీ కాదని తేలుతుంది. తప్పు ఎవరిదీ కాకపోయినా ఇప్పుడు ఈ బిల్డింగు మొత్తానికీ ఎండ ఉన్నది హైమావతి గిన్నెలోనే. ఈ తోడు చెడితే మళ్ళీ తెచ్చుకోవడానికి ఎక్కడా లేదు.

ఆ మధ్యాహ్నమే కాకినాడ వైపు నుంచి మబ్బులు బయల్దేరతాయి. పెళ్ళికి తరలివచ్చే మగపెళ్ళివారిలా తీరిగ్గా, సామాన్లతో సహా వస్తున్నాయి. వరండాలో గాలి చల్లబడుతుంది. హైమావతి దొరబాబు డిప్ప మీద బొటనవేలు పెట్టి నొక్కుతుంది. నడిమి భాగం గట్టిగా ఉంది. అంచులు మాత్రం ఇంకా లొంగుతున్నాయి. అంచులు లొంగితే డిప్ప మొత్తం లొంగినట్టే అన్నాడు డాక్టరు. వెనక కుర్చీలోంచి పేర్రాజు ఏదో అంటాడు. సగం మాట వినబడుతుంది, సగం వినబడదు.

హైమావతికి తొందర పుడుతుంది. ఆ తొందరలో, తోడు విషయంలో ఎవరి సలహా అక్కర్లేదనుకునే ఆ మనిషి, చెంచాడు వేయాల్సిన చోట, మట్టి మీద పరిచిన ఎండలోంచి గరిటెడు తీసి వేస్తుంది. చాలదేమోనని ఇంకో గరిటె. రేపటికి దాచిన చెంచాడు కూడా అందులోనే పడిపోతుంది.

తెల్లారి మూత తీస్తే ఎండ పులిసిపోయి ఉంది. పచ్చగా, ఘాటుగా, గిన్నె అంచులు దాటి పొంగి గట్టంతా కారింది. అది తగిలిన చోటల్లా గోడ సున్నం మొహం చిట్లించుకుంటుంది. దాని వంక చూస్తేనే పళ్ళు జివ్వుమంటున్నాయి. ఒక్క ముక్క తీసుకెళ్ళి మట్టి మీద పెట్టగానే దొరబాబు తలా కాళ్ళూ తోకా అన్నీ లోపలికి లాగేసుకుంటాడు. ఆమె పేర్రాజు వైపు తిరుగుతుంది. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఆమె చెవి ఆనిస్తుంది. ఊపిరి తగులుతోంది, మాట లేదు.

అప్పుడు హైమావతి ఏడుస్తుంది. నిలబడే, గరిటె చేత్తో పట్టుకునే, వెక్కి వెక్కి ఏడుస్తుంది. ఇంత తెలిసినదాన్ని ఇంత పని చేశానే అని తనను తాను తిట్టుకుంటుంది. పేర్రాజు లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆ చెయ్యి చాలా తేలిగ్గా ఉంది.

కొంగుతో మొహం తుడుచుకుని ఆమె గిన్నె వంక చూస్తుంది. పులిసిన పెరుగును ఆమె ఏనాడూ పారబోయలేదు. పులిసిందంటే పాడైందని కాదు, దానితో చేసే వంట వేరు. ఈ ముక్క గుర్తుకు రాగానే ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపి పొయ్యి వెలిగిస్తుంది.

పులిసిన ఎండలో నీళ్ళు పోసి కవ్వంతో చిలుకుతుంది. శనగపిండి కలుపుతుంది, పసుపు వేస్తుంది, అల్లం దంచి వేస్తుంది. విరగకుండా కలుపుతూ ఒక్క పొంగు రానిస్తుంది. ఘాటు కాస్త దిగి కమ్మటి వాసన లేస్తుంది. చివర్న పోపు. కాగిన నూనెలో ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, కరివేపాకు పడతాయి. ఒక్కో ఆవగింజా చిట్లి ఒక్కో మిట్టమధ్యాహ్నం అవుతుంది. కొన్ని ఎగిరి కప్పుకు అంటుకుని అక్కడే వెలుగుతూ ఉంటాయి. ఆమె వాటిని పట్టించుకోదు. పోపు తిరగబోసి, గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చి, గిన్నె పట్టుకుని వరండాలోకి వెళ్తుంది.

అప్పటికి వాన మొదలైంది. జల్లు వరండాలోకి కొడుతోంది. హైమావతి వానకు వీపు పెట్టి, దొరబాబు మీదికి వంగి, గరిటె తర్వాత గరిటె డిప్ప మీద పోస్తుంది. తలంటు పోసినట్టు, ఒక చేత్తో పోస్తూ ఒక చేత్తో అంచులకు రుద్దుతుంది. డిప్ప మీది ప్రతి గడీ తన వంతు తాగి, ఇంక చాలని మెరుస్తుంది. గిన్నె అడుగున కరివేపాకు రెబ్బ తప్ప ఏమీ మిగలదు. రేపటికి తోడు లేదు, దాని గురించి ఆమె ఆలోచించదు.

ఆయనకు చూపిద్దామని వెనక్కి తిరుగుతుంది. కుర్చీ ఖాళీగా ఉంది. తువ్వాలు కుర్చీ వీపు మీద వేలాడుతోంది, ఇంకా వెచ్చగా ఉంది. ఇంట్లో ఎక్కడా అలికిడి లేదు. ఆమె ఒకడుగు లోపలికి వేస్తుంది. అయినా మొదలుపెట్టిన పని సగంలో ఆపడం ఆమెకు అలవాటు లేదు. గట్టిపడిందో లేదో ముందు చూడాలి. ఈసారి బొటనవేలు కాదు, చూపుడువేలు మడిచి, కణుపుతో డిప్ప మీద కొడుతుంది.

టేకు తలుపు కొట్టినట్టు చప్పుడవుతుంది.

"ఎవరూ?" అని లోపలినుంచి ఒక గొంతు. వంటింట్లో గిన్నెలు దడదడలాడతాయి.

"నేనేనండీ," అంటుంది హైమావతి.

డిప్ప అంచున తలుపు తెరుచుకుంటుంది. ఆమె కుచ్చెళ్ళు పట్టుకుని, తల తగలకుండా వంగి, తడి పాదాలతో లోపలికి అడుగు పెడుతుంది.

లోపల విశాలమైన పెరడు. పైన పచ్చని గడులు గడులుగా ఆకాశం. గడికో ఎండ కాస్తోంది, ఏ రెండూ ఒక రంగు కాదు. పెరటికి అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక తీగ కట్టి ఉంది. తీగ కింద పేర్రాజు ఆఫీసుకు వెళ్ళే ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. ఆయన ఆమెను చూసి, ఛాతీ నిండా గాలి పీల్చుకుని, "హైమా" అని పిలుస్తాడు.

ఆ పిలుపు పైకి లేచి, డిప్పకు తగిలి, తిరిగి వస్తుంది. ఒక్కటే రాదు. ఇన్నాళ్ళూ ఆయన పెదవుల మీదే ఆగిపోయిన పిలుపులన్నీ దాని వెనకాలే గుంపుగా దిగి, తడి రెక్కలు విదుల్చుకుంటూ, వరసగా తీగ మీద వాలతాయి. తీగ వాటి బరువుకు నేల దాకా సాగుతుంది. హైమావతి ఈ చివర నుంచి మొదలుపెట్టి, ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడుస్తుంది.